గేర్ తలుపులు మూసుకోవడం లేదా? ముందు చక్రాన్ని చూడండి

మా తాత వడ్రంగి. అవనిగడ్డ దగ్గర మా ఊళ్ళో వానాకాలం వచ్చిందంటే ఇళ్ళ తలుపులు ఉబ్బి పట్టేసేవి. ఎవరైనా కబురు పెడితే తాత చిత్రికతో పాటు దీపం మసి కూడా ఒక డబ్బాలో పట్టుకెళ్ళేవాడు. తలుపు అంచుకి మసి పూసి, ఒకసారి మూసి తెరిచేవాడు. ద్వారబంధం మీద మసి ఎక్కడ అంటుకుంటే రాపిడి అక్కడే. అది తెలిశాక కూడా చిత్రిక బయటికి తీసేవాడు కాదు. గడప ఒరిగిందా, మడతబందు మేకు వదులైందా అని ముందు అవి చూసేవాడు. ఆ ఇంటాయన తొందరపెడితే, "ఇప్పుడే చెక్కేస్తే ఎండాకాలం ఆ సందులోంచి పిల్లి దూరుద్ది" అనేవాడు.

ఇది నాకు బాగా తెలుసు. అయినా నా విమానం గేర్ తలుపు, అంటే ముడుచుకున్న చక్రాన్ని మూసే తలుపు దగ్గరికి వచ్చేసరికి ముందు చిత్రికే తీశాను.

డాలస్‌కి ఉత్తరాన ఒక చిన్న ఎయిర్‌పోర్టులో, అద్దె హ్యాంగర్లో ఉంటుంది నా విమానం. రెండు సీట్లు, ఫైబర్‌గ్లాస్ ఒళ్ళు, కిట్ తెచ్చుకుని తొమ్మిదేళ్ళు కట్టాను. రెక్కల కింది చక్రాలు లోపలికి, అంటే పొట్ట వైపుకి ముడుచుకుని పడుకుంటాయి. ఒక్కో వైపు రెండు తలుపులు. బయటి తలుపు చక్రాన్ని మోసే కాలికే బిగించి ఉంటుంది కాబట్టి కాలితో పాటే వెళ్ళి మూతలా కూర్చుంటుంది. లోపలి తలుపు పొట్ట మధ్య గీత దగ్గర పొడుగాటి పియానో మడతబందు మీద వేలాడుతుంది. కాలు పైకి వెళ్తూ ఒక లింకు కడ్డీతో దాన్ని లాగి మూస్తుంది. ముక్కు చక్రానికి రెండు చిన్న తలుపులు. కాళ్ళను పైకి కిందికి కదిపేది హైడ్రాలిక్ పంపు, అంటే ఆయిల్‌ని ప్రెషరుతో తోసే పంపు. పైన పట్టి ఉంచే లాక్ ఏమీ లేదు, ఆ ప్రెషరే పట్టి ఉంచుతుంది.

కిట్ పేరు కావాలనే చెప్పడం లేదు. చెప్తే నా అంకెలు తీసుకెళ్ళి మీ విమానానికి పెట్టేస్తారు. మీ అంకెలు మీ మాన్యువల్లో ఉంటాయి. లోపలి తలుపులకి విడిగా హైడ్రాలిక్ సిలిండరు, ఏది ముందు కదలాలో వరస చూసే సీక్వెన్స్ వాల్వు ఉన్న విమానమైతే కడ్డీ గురించి నేను చెప్పేది మీకు సగమే పనికొస్తుంది. మిగతాది ఎవరికైనా ఒకటే.

నేను చేసిన తప్పు ముందు చెప్పేస్తాను. రెండేళ్ళ కిందట టైర్లు మార్చాను. సైజు అదే, 5.00-5, కంపెనీ వేరు. తర్వాత జాకీల మీద గేర్ పైకి తీసి చూస్తే కుడి లోపలి తలుపు వెనక మూల 6 మిల్లీమీటర్లు వేలాడుతోంది. కడ్డీ ఒకటిన్నర చుట్టు పొట్టి చేశాను. తలుపు చక్కగా అతుక్కుంది, ఇంటికెళ్ళి భోంచేశాను. మర్నాడు గాల్లో, మూడు నాలుగు నిమిషాలకోసారి పంపు రెండు సెకన్లు మోగి ఆగుతోంది. ఎక్కడో ఆయిల్ కారుతోందనుకుని వెనక్కి తిరిగి దిగాను. ఆయిల్ చుక్క కూడా కారలేదు. తలుపు లోపలి వైపు, కడ్డీ బ్రాకెట్ చుట్టూ రెసిన్‌లో తెల్లటి సాలెగూడు లాంటి పగుళ్ళు!

తలుపుని ఆపుతున్నది కొత్త టైరు. చక్రం పైకి వెళ్ళి వెల్లకిలా పడుకున్నప్పుడు దాని బయటి పక్క తలుపుకి ఎదురుగా ఉంటుంది. ఈ కంపెనీ టైరు భుజం దగ్గర పాతదానికన్నా 5 మిల్లీమీటర్లు ఉబ్బెత్తు. కడ్డీ పొట్టి చేసి నేను తలుపుని టైరు మీదకి బలవంతంగా గుంజాను. దాంతో కాలు పూర్తిగా పైకి వెళ్ళకముందే తలుపు అడ్డం పడింది. పంపు దృష్టిలో మాత్రం అంతా బాగానే ఉంది, ఎందుకంటే దానికి తెలిసింది ప్రెషరు ఒక్కటే. కదలిక ఆగి ప్రెషరు పెరగగానే స్విచ్చి కట్ అయింది. చక్రం తన రబ్బరు ఆనుడు మీద కాకుండా పల్చటి ఫైబర్‌గ్లాస్ తలుపు మీద, అరంగుళం మందం కూడా లేని కడ్డీ మీద వేలాడింది. తలుపు వంగే కొద్దీ ప్రెషరు పడిపోయి పంపు మళ్ళీ మళ్ళీ మోగింది.

అందుకే కింద చెప్పే వరసలో తలుపు ఎక్కడో మధ్యలో వస్తుంది.

జాకీల సంగతి

నా విమానానికి రెక్కల కింద రెండు జాకీ పాయింట్లు ఉన్నాయి. ముక్కు చక్రం కూడా లేవాలి కాబట్టి తోక కట్టే కొక్కేనికి కాంక్రీటు నింపిన బకెట్లు కడతాను. ఎంత బరువు కట్టాలన్నది మీ విమానం బరువు లెక్క చూసి తేల్చుకోండి, చేత్తో నొక్కి చూసి కాదు. హ్యాంగర్ తలుపులు మూసెయ్యండి. జాకీల మీద నిలబెట్టిన విమానాన్ని టెక్సస్ గాలి ఒక్క విసురుతో పక్కకి నెట్టగలదు. బ్యాటరీకి చార్జర్ పెట్టి ఉంచండి. వోల్టేజి పడిపోతే పంపు నీరసిస్తుంది, అప్పుడు గేర్ పైకి వెళ్ళడానికి పట్టిందని మీరు కొలిచే సెకన్లన్నీ అబద్ధాలే.

చేతి వేళ్ళ గురించి ఎంత చెప్పినా తక్కువే. సాయానికి మా బావమరిది వస్తాడు. మొదటిసారి వాడు కింద కూర్చుని టార్చి పట్టుకున్నాడు, నేను కాక్‌పిట్‌లో స్విచ్చి మీద చెయ్యి వేశాను. "ఆగు బావా, ఇంకా చెయ్యి తియ్యలేదు!" అని అరిచాడు. ఆ రోజు నుంచి మాకొక పద్ధతి. ఎవరి చెయ్యి లోపల ఉన్నా పంపు కరెంటు బ్రేకరు లాగి ఉండాలి, దాని మెడకి బట్టలారేసే ఎర్ర క్లిప్పు ఉండాలి. క్లిప్పు తీసే హక్కు కింద ఉన్నవాడిదే. ఇంకో మాట, బ్రేకరు లాగితే పంపు ఆగుతుందే గానీ లైన్లో ప్రెషరు పోదు. లాక్ లేని గేర్ పైన ఉన్నప్పుడు ఏదో ఒక సీలు కారితే కాలు నెమ్మదిగానో ఒక్కసారిగానో దిగొచ్చు. దాని దారిలో తల పెట్టకండి.

తలుపులు లేకుండా ఒకసారి

లింకు కడ్డీలు విప్పి లోపలి తలుపుల్ని వదిలెయ్యండి. టైర్లలో గాలి మాన్యువల్ ప్రకారం ఉండాలి. కొత్త టైరైతే గాలి నింపి ఒక రోజు ఆగండి. నైలాన్ టైరు మొదటి 12 నుంచి 24 గంటల్లో సాగుతుంది, గాలి కూడా కొంత తగ్గుతుంది. మళ్ళీ నింపాకే దాని అసలు సైజు తెలుస్తుంది.

ఇప్పుడు గేర్ పైకి. కాలు వెళ్ళి ఆనే రబ్బరు దగ్గర ముందే ఒక న్యూస్‌పేపరు ముక్క వేలాడదీసి ఉంచండి. గేర్ పైకి వెళ్ళాక దాన్ని లాగండి. చిరగాలి గానీ జారి రాకూడదు. జారి వచ్చిందంటే కాలు తన చోటికి చేరలేదన్నమాట. అది సరిచేసేదాకా తలుపు జోలికి వెళ్ళకండి. ఈ కాగితం ముక్క తర్వాత మళ్ళీ అవసరం పడుతుంది.

చక్రం గూట్లో గోడలకి టైరుకి మధ్య పిల్లలు ఆడుకునే బంకమట్టి ముద్దలు అంటించండి. గేర్ పైకి తీసి దింపాక ముద్ద ఎంత మందాన నలిగిందో కొలిస్తే అదే అక్కడి ఖాళీ. నేను టైరు చుట్టూ కనీసం 6 మిల్లీమీటర్లు చూస్తాను, 10 ఉంటే నిద్ర పడుతుంది. టేకాఫ్ అవగానే ముడిచిన టైరు ఇంకా తిరుగుతూ ఉంటుంది, తిరిగే టైరు కాస్త పెరుగుతుంది కూడా. గేర్ పైకి వేసే ముందు బ్రేకు తొక్కడం నాకు అలవాటు. గేర్ పైకి వెళ్ళడానికి ఎన్ని సెకన్లు పట్టిందో కూడా రాసుకోండి. నాది తలుపులు లేకుండా 6 సెకన్లు.

నా టైరు కథ ఇక్కడే తేలాల్సింది. బంకమట్టి ఖర్చు రెండు డాలర్లు. బ్రాకెట్ తీసి మళ్ళీ ఫైబర్‌గ్లాస్ వేసి అతికించడానికి రెండు వారాంతాలు పట్టింది.

ఇప్పుడు తలుపు

ముందు మడతబందు. తలుపుని చేత్తో ముందుకీ వెనక్కీ, పైకీ కిందికీ ఊపండి. టకటకమంటే లోపలి తీగ అరిగింది. కొత్త తీగకి కొన్ని డాలర్లే, మార్చెయ్యండి. వదులు మడతబందు మీద ఎంత సర్దినా మూడు ఫ్లయిట్లకి మళ్ళీ మొదటికే వస్తుంది.

తర్వాత మెలి. తలుపు విప్పి చదునైన బల్ల మీద పెట్టి, పాత టెంప్లేటు ఉంటే దానితో పోల్చండి. ఫైబర్‌గ్లాస్ తలుపులు ఎండకి మెలి తిరుగుతాయి, ముదురు రంగు వేసినవి మరీను. ఒక మూల అతుక్కుని ఇంకో మూల తేలుతోందంటే కడ్డీతో అది తగ్గదు. కడ్డీ లాగేది ఒక్కచోటే. లోపలి పొర మీద గీత కోసి, తలుపుని మూసిన ఆకారంలో బిగించి, పైన ఫోమ్ పట్టీ పెట్టి కార్బన్ గుడ్డ వేసి అతికించాను నేను. అది వేరే పెద్ద పని, ఇక్కడ రాయను.

అంచుల దగ్గరికి వస్తే, తాత మసికి బదులు నాది సుద్దపొడి. తలుపు అంచుకి పూసి, చేత్తో మూసి తెరిచి, గూడు అంచు మీద ఎక్కడ తెల్లగా అయిందో చూస్తాను. చుట్టూ 2 నుంచి 3 మిల్లీమీటర్ల సందు చాలు. అంతకన్నా తగ్గిస్తే హ్యాంగర్లో అందంగా ఉంటుంది గానీ ఆగస్టులో పట్టేస్తుంది. గాలికి ఎదురుగా ఉండే ముందు అంచు మాత్రం దాని ముందున్న ఒంటికన్నా వెంట్రుకంత కూడా బయటికి రాకూడదు. అరమిల్లీమీటరు లోపలికే ఉండనివ్వండి. బయటికి ఉంటే గాలి దాని కిందకి గోరు పెట్టి తెరిచినట్టు తెరుస్తుంది.

కడ్డీ లెక్క

గేర్ పైన ఉండగా తలుపుని చేత్తో మూసి, బయట నుంచి మాస్కింగ్ టేపుతో సరిగ్గా సమంగా నిలబెట్టండి. లోపల కడ్డీ రెండు చివర్ల బోల్టు రంధ్రాల మధ్య దూరం కావాలి. అక్కడికి స్కేలు దూరదు. రెండు సన్నపు పుల్లలు పక్కపక్కన పెట్టి, రెండు చివర్లా ఆనేదాకా జరిపి, మధ్యలో టేపు చుట్టి బయటికి తీయండి. ఆ పొడవు కన్నా 3 మిల్లీమీటర్లు ఎక్కువ పెట్టి కడ్డీ బిగించండి. అంటే మొదట తలుపు కాస్త తెరిచే ఉంటుంది. పొడవు నుంచి పొట్టికి రావాలి, పొట్టి నుంచి పొడవుకి వెళ్ళాలనుకుంటే నా బ్రాకెట్ గతే.

కడ్డీ చివర మరతో బిగిసే బంతి కీలుని రాడ్ ఎండ్ అంటారు, నా విమానంలో అది 10-32 మర. అంగుళానికి 32 చుట్లు, కాబట్టి ఒక చుట్టుకి సుమారు 0.8 మిల్లీమీటర్లు. ఒకవైపు బోల్టు తీసి రాడ్ ఎండ్‌ని అరచుట్టు తిప్పితే 0.4. తక్కువే కదా అనిపిస్తుంది. కడ్డీ తలుపుని పట్టుకునేది మడతబందు నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో, తలుపు వెడల్పు 25. అంటే ఐదింతలు. అక్కడి 0.4, ఇక్కడ అంచు దగ్గర 2 మిల్లీమీటర్లు. నేను ఒకటిన్నర చుట్టు తిప్పానంటే అంచుని 6 మిల్లీమీటర్లు లాగానన్నమాట. అరచుట్టు తిప్పండి, గేర్ ఒకసారి ఎత్తి దింపి చూడండి, రాసుకోండి. మళ్ళీ అరచుట్టు. ఒకసారికి ఒక్క మార్పు. రెండు వైపుల కడ్డీలూ ఒకేసారి ముట్టుకుంటే ఏది ఏం చేసిందో దేవుడికే తెలియాలి.

మొదటి రెండు మూడు సార్లు పంపుని పూర్తిగా వదలకండి. చేతి పంపు ఉంటే దానితో, లేకపోతే స్విచ్చిని కొంచెం కొంచెంగా నొక్కుతూ. తలుపు కదలికలో అసలు కథంతా కాలు ప్రయాణం చివరి పది డిగ్రీల్లో ఉంటుంది. టార్చి వేసి అక్కడే చూడండి, దూరం నుంచి.

రాడ్ ఎండ్ మర కడ్డీ లోపలికి చాలినంత దిగి ఉండాలి. కడ్డీకి చిన్న సాక్షి రంధ్రం ఉంటే అందులో సన్న తీగ పెట్టి చూడండి. తీగ అటువైపుకి దూరిపోతే మర చాలా బయటికి వచ్చేసినట్టే, ఆ కడ్డీ వాడొద్దు, పొడుగు కడ్డీ చేయించండి. పొడవు కుదిరాక, రాడ్ ఎండ్ తిరగకుండా పట్టే చెక్ నట్ బిగించి, దాని మీద ఎర్ర గీత పెట్టండి. రాడ్ ఎండ్ బంతి అరిగి ఊడినా కడ్డీ జారిపోకుండా బయటి వైపు వెడల్పాటి వాషరు వెయ్యండి. ఈ బోల్టులు అటూ ఇటూ తిరిగే కీళ్ళలో ఉంటాయి కాబట్టి నైలాన్ లాక్ నట్లు పనికిరావు, కోట బురుజులా గాట్లు ఉండే కోట నట్టు, దానికి స్ప్లిట్ పిన్నే. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ వాళ్ళ మరమ్మతు పద్ధతుల పత్రం ఏసీ 43.13-1బి కూడా ఇదే చెప్తుంది.

బిగువు ఎంత?

హ్యాంగర్లో మూసుకున్న తలుపు గాల్లో కూడా మూసుకునే ఉంటుందని నమ్మకండి. నేల మీద దాన్ని కిందికి లాగేది దాని బరువు ఒక్కటే. గాల్లో పొట్ట కింద వేగంగా వెళ్ళే గాలి బయటికి పీలుస్తుంది, చక్రం గూట్లో చేరిన గాలి లోపలి నుంచి తోస్తుంది. ఒక మోటు లెక్క వేసుకుందాం. సముద్రమట్టం దగ్గర గంటకి 320 కిలోమీటర్ల వేగంలో గాలి తాకిడి చదరపు మీటరుకి సుమారు 500 కేజీలు. అందులో పదో వంతే తేడా అనుకున్నా చదరపు మీటరుకి 50. నా తలుపు 60 సెంటీమీటర్లు పొడవు, 25 వెడల్పు, అంటే 0.15 చదరపు మీటర్లు. ఏడున్నర కేజీలు! పల్చటి తలుపుని అంత బరువు బయటికి లాగుతుంది.

కాబట్టి తలుపు తను ఆనాల్సిన చోట ఆని ఆగాక కూడా కడ్డీ ఇంకాస్త లాగాలి. ఆ బిగువు కొలవడానికి సూట్‌కేసులు తూచే స్ప్రింగు కాటా చాలు. తలుపు వెనక మూలకి గట్టి టేపుతో చెవిలాగా చేసి, కాటా తగిలించి నిదానంగా కిందికి లాగండి. మూల కిందికి దిగడం కనబడగానే అంకె చదవండి. పైన లెక్కలో వచ్చిన ఏడున్నర కేజీలు తలుపు ఒంటి అంతటా పరుచుకుంటాయి కాబట్టి, మడతబందుకి దూరంగా అంచు దగ్గర లాగేటప్పుడు లెక్క ప్రకారం అందులో సగమే చాలు. కానీ మూల మెలి తిరుగుతుంది, కాబట్టి నేను 7 కేజీలు వచ్చేదాకా ఒప్పుకోను. మీ మాన్యువల్లో అంకె ఉంటే అదే ఖాయం.

బిగువు పెట్టాక ఆ న్యూస్‌పేపరు ముక్కని మళ్ళీ వేలాడదీయండి. గేర్ పైకి, కాగితం లాగి చూడండి. ఇప్పుడు జారి వచ్చిందంటే తలుపు చక్రం కన్నా ముందే ఆగిపోతోంది, బిగువు ఎక్కువైంది. అరచుట్టు వెనక్కి. బిగువు పెట్టాక నా లాంటి తప్పుని పట్టించేది ఈ కాగితమే. బయట నుంచి చూస్తే ఆ రోజు తలుపు ఫోటో తీసుకునేంత అందంగా ఉంది మరి. సెకన్లు కూడా చూడండి. నాకు తలుపులతో 7 పడుతుంది. 9 పట్టిందంటే ఎక్కడో రాసుకుంటున్నట్టే.

ముక్కు చక్రం తలుపులకి ఎక్కువ చెప్పను, పద్ధతి ఇదే. ఒక్క విషయం. ముక్కు కాలి స్ట్రట్‌లో, అంటే కుదుపు మింగే గొట్టంలో ప్రెషరు లేక అది పూర్తిగా సాగకపోతే, చక్రాన్ని మధ్యకి తెచ్చే క్యామ్ పని చెయ్యదు. చక్రం వంకరగా పైకి వెళ్ళి తలుపుని గుద్దుతుంది. తలుపు మీద రబ్బరు మరక కనబడితే ముందు స్ట్రట్ చూడండి.

కిందికి వస్తుందా?

తలుపు గట్టిగా మూయడానికి ఇంత కష్టపడ్డాక, అదే తలుపు ఎమర్జెన్సీలో చక్రాన్ని బయటికి రానివ్వకపోతే? పంపు లేకుండా గేర్ దించడాన్ని మూడుసార్లు చేసి చూడాలి. నా విమానంలో డంప్ వాల్వు తెరిస్తే ప్రెషరు రెండు వైపులా సమం అయిపోయి కాళ్ళు సొంత బరువుతో పడతాయి. మూడుసార్లూ తలుపుల్ని తోసుకుని వచ్చి, మూడు చక్రాలూ లాక్ అయి, మూడు పచ్చ దీపాలూ వెలగాలి. కాలు క్షణం ఆగి, తర్వాత దబ్బున పడితే అది పాసు కాదు. ఆ క్షణం తలుపు పట్టుకుంది. ఇది కుదరకపోతే బిగువు సంగతి మర్చిపోండి. తలుపు కాస్త తేలుతూ ఎగిరితే వేగంలో రెండు నాట్లు, అంటే గంటకి దాదాపు నాలుగు కిలోమీటర్లు పోతాయి, అంతే కదా.

మొదటి ఫ్లయిట్లో రెక్క కింద చిన్న యాక్షన్ కెమెరా తలుపు వైపు తిప్పి పెట్టాను. ఎయిర్‌పోర్టు మీదే చుట్లు. గేర్ స్పీడు, అంటే గేర్ కదపడానికి ఒప్పుకునే గరిష్ఠ వేగం దాటకుండా రెండుసార్లు పైకీ కిందికీ తీసి చూశాక, అప్పుడు వేగం పెంచాను, పది పది నాట్లుగా. వీడియోలో 150 నాట్ల దగ్గర ఎడమ తలుపు వెనక మూల 2 మిల్లీమీటర్లు తెరుచుకుంది. హ్యాంగర్లో అదే మూల 7 కేజీలు మోసింది! దిగి, అరచుట్టు, మళ్ళీ కాటా, మళ్ళీ కాగితం, మళ్ళీ డంప్ వాల్వు మూడుసార్లు. అవును, అరచుట్టు తిప్పినా మూడుసార్లూ చెయ్యాల్సిందే. బావమరిది విసుక్కున్నాడు, బిర్యానీ తినిపించాను.

ఇప్పుడు లాగ్‌బుక్‌లో తేదీ, ఏం మార్చానో, ఎమర్జెన్సీ టెస్టు ఫలితం ఉంటాయి. అది కాక ఒక్కో తలుపు లోపలి వైపు చిన్న కాగితం అంటించాను, పైన పారదర్శక టేపు వేసి. కుడి లోపలి తలుపుది ఇలా ఉంది: "చెక్ నట్ బయట 7 మరలు. కాటా 7.2. హ్యాంగర్లో 14 డిగ్రీలు. టైరు మారిస్తే ఇదంతా చెల్లదు."